ఏడాది గింజలు ముందు, వారం కూరగాయలు తరువాత

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, ఇద్దరు పిల్లలు, ఇంట్లో అత్తగారు, కూకట్‌పల్లి వైపు అపార్టుమెంటులో నివాసం. చుట్టుపక్కల పండినదే తినాలనీ, నేలనూ నీటినీ పాడుచేయని సేద్యంలో పండినదే కొనాలనీ రెండేళ్లుగా ప్రయత్నిస్తున్నారు. సేంద్రియ దుకాణంలో ధరలు భయపెడుతున్నాయి, రైతుబజారులో ఏది రైతు తెచ్చిందో ఏది బోయినపల్లి టోకు మార్కెట్టు నుంచి వచ్చిందో తెలియడం లేదు, ఇంటికి తెచ్చి ఇచ్చే యాప్‌లలో ప్రతి పొట్లం మీదా పొలం బొమ్మే ఉంటోంది. ప్రతి వారం ఇదొక పరీక్షలా మారి, విసుగొచ్చి తిరిగి సూపర్ మార్కెట్టుకే వెళ్తున్నామని రాశారు. దీన్ని సులువు చేసుకునే మార్గం ఏదైనా ఉందా అని అడిగారు.

మార్గం ఉంది, అయితే మీరు మొదలుపెట్టిన చోటు నుంచి కాదు. పద్నాలుగేళ్లుగా నేను మా కాలనీ కుటుంబాలకూ, వికారాబాద్, జహీరాబాద్ వైపు కొందరు రైతులకూ నడుమ ఈ కొనుగోళ్ల పని చూస్తున్నాను. మేమూ మొదట మీలాగే కూరగాయలతో మొదలుపెట్టి దెబ్బతిన్నాము. ఇరవై రెండు కుటుంబాలు కలిసి చేవెళ్ల వైపు ఒక రైతుతో మాట్లాడుకుని, ప్రతి శనివారం కూరగాయల సంచులు తెప్పించుకునే ఏర్పాటు చేసుకున్నాము. ఆషాఢ, శ్రావణ మాసాల్లో ఆయన పొలంలో ఉండేవి బెండ, సొర, వంకాయ, గోంగూర. మా వాళ్లకు కావలసినవి బంగాళాదుంప, క్యారెట్, క్యాప్సికంతో కలిపి ఇరవై రకాలు. మూడో వారం వచ్చిన సొరకాయలు చూసి కొందరు సంచి తీసుకోవడమే మానేశారు. వర్షం వచ్చిన వారం ఆకుకూర బురదతో వచ్చింది, ఊరెళ్లిన వారి సంచులు మెట్ల కింద కుళ్లిపోయాయి. అయిదో నెలలో ఏర్పాటు ఆగిపోయింది. మమ్మల్ని నమ్మి అదనంగా నాటిన ఆ రైతుకు జరిగిన నష్టాన్ని తలా కొంత వేసుకుని తీర్చాము గాని, ఆయన మళ్లీ నగరవాసులను నమ్మలేదు, ఆయనను తప్పుపట్టలేము.

ఆ తరువాత ఆలోచిస్తే మేము చేసిన పొరపాటు చాలా మామూలుదని తేలింది. ఇంటి సరుకులన్నిటిలోకీ అతి కష్టమైనదాన్ని ఎంచుకున్నాము. కూరగాయ రెండు రోజుల్లో వాడిపోతుంది, ఇరవై రకాలు కావాలి, ఏడాదికి యాభైరెండు సార్లు కొనాలి, ప్రతిసారీ మళ్లీ నిర్ణయించుకోవాలి. కందిపప్పు అలా కాదు. ఒక రకం, ఏడాదికి ఒకసారి, ఒక్క నిర్ణయం. మన అమ్మమ్మల తరం ‘ఏడాది గింజలు’ అని సంక్రాంతి మొదలుకొని వేసవి దాకా ఒక్కొక్కటే కొని, ఎండబెట్టి, కాగుల్లోనూ డ్రమ్ముల్లోనూ దాచుకున్నది పొదుపు కోసమే కాదు, మాటిమాటికీ ఆలోచించే పని తప్పించుకోవడానికి కూడా. ఉద్యోగాలు చేసే ఇంటికి ఆ పద్ధతి పాతబడినది కాదు, అలాంటి ఇంటికే అది ఎక్కువ అవసరం.

దీని వెనక ఇంకొక లెక్క ఉంది. అయిదుగురున్న మీ కుటుంబం కోసం ఎక్కడో కొంత పొలం ఏడాది పొడుగునా పనిచేస్తూ ఉంటుంది. ఆ పొలం ఎంత, అందులో ఏమేమి ఉన్నాయి అని స్థూలంగా చూద్దాము. నెలకు 25 కిలోల చొప్పున ఏడాదికి 300 కిలోల బియ్యం కావాలంటే, ఎకరానికి ఇరవై రెండు, ఇరవై మూడు క్వింటాళ్ల వడ్లు పండే పొలంలో దాదాపు 8 గుంటలు కావాలి (ఎకరానికి నలభై గుంటలు). నెలకు మూడు కిలోల కందిపప్పు అంటే ఏడాదికి యాభై కిలోల పైచిలుకు కందులు. వర్షాధారపు చేలో ఎకరానికి మూడు నాలుగు క్వింటాళ్లే పండుతాయి కనుక అది 5, 6 గుంటలు. నెలకు నాలుగు లీటర్ల వేరుశనగ నూనెకు దాదాపు 10 గుంటల పల్లి చేను కావాలి. రోజుకు కిలో చొప్పున తినే కూరగాయలకు మాత్రం 2, 3 గుంటలు చాలు. అంటే మీ ఇంటి తిండికి పనిచేసే నేలలో పెద్ద భాగం గింజలు, పప్పులు, నూనెలది. సేంద్రియ టమాటా దొరకలేదని బాధపడుతూ, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని నూనె పొట్లం కొని తెచ్చుకోవడంలో ఉన్న తిరకాసు ఇదే.

ఇక ఒక్కొక్కదాని సంగతికి వస్తాను. మొదటిది కందిపప్పు, మీరు ఏ ఒక్కటి మార్చినా దీన్నే మార్చమంటాను. దేశంలో పండే కంది మన అవసరానికి చాలదు కనుక మయన్మార్, మొజాంబిక్, టాంజానియా, మలావీ దేశాల నుంచి కందులు దిగుమతి అవుతాయి. మీరు కిరాణా కొట్టులో కొన్న పప్పు సముద్రం దాటి వచ్చిందా, జిల్లా దాటి వచ్చిందా అనేది పప్పు చూసి చెప్పడం కష్టం. మీకు నూటయాభై కిలోమీటర్ల లోపలే తాండూరు ఉంది. అక్కడి కందికి 2022లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. వర్షాధారంగా పండుతుంది, వేరు బుడిపెల ద్వారా నేలకు నత్రజనిని ఇస్తుంది, జొన్నతోనూ పెసరతోనూ కలిపి వేసుకునే పంట. దీనికి చిక్కల్లా పూత, కాయ దశలో వచ్చే శనగపచ్చ పురుగు, మరుకా మచ్చల పురుగు. చాలామంది రైతులు అక్కడే రెండు మూడు సార్లు మందు కొడతారు. కాబట్టి రైతును అడగవలసిన ప్రశ్న ‘సేంద్రియమా?’ అని కాదు, ‘పూత మీద పురుగు వచ్చినప్పుడు ఏం చేశారు?’ అని.

ధర సంగతి కూడా ఇక్కడే చెబుతాను. 2025-26 సీజనుకు కంది మద్దతు ధర క్వింటాకు 8,000 రూపాయలు. మందులు కొట్టని రైతుకు మీరు దాని మీద మరో పదిహేను వందలు ఇచ్చి 9,500కు కొన్నారనుకుందాము. క్వింటా కందులకు మిల్లులో దాదాపు 70 కిలోల పప్పు వస్తుంది. అంటే పప్పు కిలో 136 రూపాయలు పడుతుంది. ఆడించడానికి, సంచులకు, బండికి మరో పదిహేను కలిపినా దాదాపు 150 అవుతుంది. సేంద్రియ ముద్ర ఉన్న అరకిలో పొట్లాలలో అదే పప్పు ఎంతకు అమ్ముతున్నారో చూసి, ఈ లెక్క పక్కన పెట్టి చూడండి. ఆ తేడా రైతుకు వెళ్లడం లేదు. పొట్లానికీ, దుకాణపు అద్దెకూ, ప్రకటనలకూ వెళ్తోంది. నిల్వకు భయపడవద్దు. రెండు రోజులు మంచి ఎండలో పోసి, చల్లారాక పదికిలోలకు ఒకటి రెండు చెంచాల ఆముదం పట్టించి, తడి తగలని స్టీలు డబ్బాలో మూత బిగించి పెడితే ఏడాది గడుస్తుంది. మొదటి ఏడాది మేము వేడి తగ్గకముందే డబ్బాల్లో పోసి మూతలు పెట్టాము. లోపల చెమ్మ పట్టి సగం పప్పు బూజు పట్టింది. చల్లారాక పోయాలన్న ఆ ఒక్క మాట మా ఇంట్లో పెద్దవాళ్లను ఎవరూ అడగలేదు.

రెండవది ఎండుమిరప. దీని వెనక ఉన్న తర్కం వేరు. మన రాష్ట్రాల్లో పత్తి తరువాత అంత ఎక్కువగా పురుగుమందులు చూసే పంట మిరపే. 2021లో నల్ల తామరపురుగు విరుచుకుపడినప్పుడు, పూతలోనే పంట రాలిపోతుంటే, రైతులు దొరికిన మందల్లా కొట్టారు. వాళ్లను నిందించి ప్రయోజనం లేదు, ఎకరానికి లక్షకు పైగా పెట్టుబడి పెట్టినవాడు చూస్తూ ఊరుకోలేడు. అయితే మీ ఇంటికి ఏడాదికి ఎంత కారం కావాలి? పచ్చళ్లతో కలిపినా ఆరేడు కిలోలు. మందులు అతి ఎక్కువగా పడే సరుకు, మీ ఇంటి బడ్జెట్టులో అతి తక్కువ బరువుండే సరుకు ఒక్కటే కావడం మీ అదృష్టం. రెట్టింపు ధర పెట్టినా ఏడాదికి పెరిగేది వెయ్యి రెండు వేలు, ఒక్కసారి బయట భోజనం చేసినంత. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కొత్త కాయ వస్తుంది. కాయలుగానే కొని, తొడిమలు తీసి, గిర్నీలో ఆడించుకోండి. పసుపుదీ ఇదే దారి. నిజామాబాదు, దుగ్గిరాల మార్కెట్లలో ఫిబ్రవరి తరువాత కొత్త కొమ్ములు వస్తాయి. పసుపు పొడిలో మెటానిల్ ఎల్లో వంటి రంగులు కలిపే బెడద ఉంది కనుక, కిలో కొమ్ములు కొని కొట్టించుకుంటే అక్కడికి ఆ చింత తీరుతుంది. చింతపండు మార్చి, ఏప్రిల్ నెలల్లో కొనండి. అది దాదాపు మందులే తెలియని చెట్టు.

బియ్యం విషయంలో తొందరపడవద్దని చెబుతాను. వడ్లు పెద్ద పంట, నీళ్లు పెద్ద ఖర్చు. నీళ్లు నిలిచిన మడిలో మీథేన్ వాయువు పుడుతుందన్నదీ నిజమే. సేంద్రియమా కాదా అన్న ఒక్క ప్రశ్నకే అంటుకుపోతే ఇక్కడ ముఖ్యమైన విషయం జారిపోతుంది. మనం తినే రకం ఏమిటన్నది కూడా ఎంపికే. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబమసూరి, అంటే బీపీటీ 5204, నాలుగు దశాబ్దాలుగా మన నాలుకను ఏలుతోంది. అది 145, 150 రోజుల పంట, అగ్గితెగులును తట్టుకోలేదు. 2015లో విడుదలైన తెలంగాణ సోనా, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048, దాదాపు 125 రోజులకే కోతకు వస్తుంది, అగ్గితెగులును తట్టుకుంటుంది, సన్నగానే ఉంటుంది. ఇరవై రోజులు తక్కువ అంటే ఇరవై రోజుల నీళ్లు, ఒకటి రెండు మందుల పిచికారీలు తగ్గినట్టు. సేంద్రియ బియ్యం దొరకని రోజున ‘తెలంగాణ సోనా బియ్యం ఇవ్వండి’ అని అడగడం కూడా మంచి ఎంపికే. పాలిష్ తగ్గించిన బియ్యం తీసుకుంటే మాత్రం ఏడాదికి సరిపడా కొనకండి. తవుడులో నూనె ఉంటుంది కనుక రెండు మూడు నెలల్లో ముక్కవాసన వస్తుంది, ముక్కపురుగూ పడుతుంది. వడ్లు రైతు దగ్గరే ఉంచి రెండు నెలలకొకసారి ఆడించి పంపమనడం మేలు.

బియ్యం స్థానంలో వారానికి మూడు నాలుగు పూటలు జొన్న, సజ్జ, కొర్ర, రాగి చేర్చగలిగితే బియ్యం ఎంపిక కన్నా ఎక్కువ ఫలితం ఉంటుంది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక కొర్రలు, అండుకొర్రలు పట్నంలో సంపన్నుల తిండిగా మారి, ధర పెరిగి, బిస్కెట్లలోకీ నూడుల్సులోకీ వెళ్లాయి. ఆ బిస్కెట్ల, నూడుల్సుల జోలికి పోకండి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో దళిత మహిళల సంఘాలు చేసి చూపించినది దీనికి పూర్తిగా భిన్నమైనది: బీడు పడిన నేలల్లో జొన్నలు వేసి, విత్తనం తామే దాచుకుని, పండిన గింజను ఊళ్లోనే నిల్వచేసి, బియ్యపు రేషనుకు బదులుగా జొన్నల రేషను నడిపారు. 2019లో వారికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ పురస్కారం వచ్చింది. అక్కడి ఆడవాళ్లు చేలో మొలిచే సాగుచేయని కూరలు ఎన్నో రకాలు గుర్తుపట్టి వండుతారు. గంగవాయిలి, పొన్నగంటి, తుమ్మికూర మనకు ఇంకా సంతల్లో కనిపిస్తున్నాయంటే అలాంటి వారి వల్లనే. మీ ఇంటికి ఆచరణలో చెప్పాలంటే రాత్రి భోజనంలో జొన్నరొట్టె చాలు. కొర్రలు అన్నంలా వండితే పిల్లలు ఒప్పుకోకపోవచ్చు, ఉప్మా చేస్తే తేడా గమనించరు.

నూనె గురించి ఒక కొలబద్ద ఇస్తాను. దేశంలో వాడే వంటనూనెలో సగానికి మించి దిగుమతి అవుతోంది, అందులో పెద్ద వాటా ఇండొనేషియా, మలేషియాల పామాయిలుది. మీరు ఇంట్లో వాడకపోయినా బయటి మిక్చరులో, బిస్కెట్టులో, హోటల్ పూరీలో అదే ఉంటుంది. అందువల్ల వీధి చివర గానుగలు పెరగడం మంచిదే, కాని గానుగ అని బోర్డు ఉన్నవన్నీ గానుగలు కావు. లీటరు నూనెకు దాదాపు రెండున్నర కిలోల పల్లీలు కావాలి. పల్లీలు కిలో 130 రూపాయలనుకుంటే గింజలకే 325 అవుతుంది. నూనె పిండగా మిగిలిన చెక్క అమ్మితే కొంత తిరిగివచ్చినా, కూలీ, కరెంటు, సీసా ఉంటాయి. అటువంటప్పుడు ఎవరైనా రెండు వందల ఇరవైకి గానుగ నూనె ఇస్తున్నారంటే, ఆ నూనెలో ఏముందో అడగనవసరం లేదు. మా కాలనీలో ఒకరు ఎక్కడో అలా కొని ఏడాది వాడారు, లెక్క చెప్పాక గాని మానలేదు. నూనె వాడకాన్ని నెలకు ఒక లీటరు తగ్గించుకుని మిగిలిన మూడు లీటర్లు నిజమైన గానుగ నూనె కొనుక్కోవడం ఒక్కటే మధ్యతరగతికి కుదిరే పద్ధతి, ఆరోగ్యానికీ అదే మంచిది.

ఇప్పుడు కూరగాయలు. గింజల పని తీరిపోయాక వీటి మీద మనసు తేలికపడుతుంది, అప్పుడే వీటి జోలికి రండి. 1999 జనవరి 26న అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన రైతుబజార్లు ఇప్పటికీ మన దగ్గర ఉన్న అత్యుత్తమ ఏర్పాటని నా అభిప్రాయం. దళారీ లేకుండా, గుర్తింపు కార్డున్న రైతు నేరుగా అమ్మాలన్నది వాటి నియమం. టోకు ధర కన్నా ఎక్కువగా, బయటి చిల్లర ధర కన్నా తక్కువగా రోజువారీ ధరలు పెట్టి బోర్డు మీద రాస్తారు. వ్యాపారులు చొరబడడం నిజమే, అయినా గుర్తుపట్టడం కష్టం కాదు. ఒకే కొట్టులో పద్దెనిమిది రకాలు, పెట్టెలో పేర్చినట్టు ఒకే సైజులో ఉంటే అది మార్కెట్టు సరుకు. మూడు నాలుగు రకాలు, చిన్నా పెద్దా కలిసి, వేరుకు మట్టితో, పక్కనే తొడిమ వాడని పచ్చిమిర్చి కుప్పతో ఉంటే అది రైతు సంచి. ఉదయం తొందరగా వెళ్లండి, రైతు మధ్యాహ్నానికి పొలానికి చేరాలి. ఒకే ఆమె దగ్గర ఆరు వారాలు వరుసగా కొంటే, ఏడో వారం ఆమే ‘ఇవి వద్దమ్మా, నిన్ననే మందు కొట్టినం’ అని చెబుతుంది. ఏ ముద్రా ఇవ్వలేని హామీ అది.

ఏ కాలంలో ఏవి కొనాలన్న సంగతి పట్టికలుగా బట్టీపట్టనవసరం లేదు. మార్కెట్టులో కుప్పలుగా పోసి, ధర పడిపోయినదే ఆ కాలపు పంట అనుకోండి, నూటికి తొంభైసార్లు అది నిజమవుతుంది. వేసవిలో దోస, సొర, బీర, చింతచిగురు, తాటిముంజలు. వానలు పడ్డాక బోడకాకర, వాక్కాయ, గోంగూర. చలికాలంలో అనపకాయలు, పచ్చి కందికాయలు, మెంతికూర, చిక్కుడు, సంక్రాంతికి చిలగడదుంప, రేగుపళ్లు, తేగలు. కాలం కాని టమాటా కోసం పట్టుబట్టినప్పుడే అది మదనపల్లి నుంచో అంతకన్నా దూరం నుంచో వస్తుంది, కిలో వంద దాటుతుంది. ఆ నెలరోజులు చింతపండు, మామిడికాయ, చుక్కకూరతో పులుపు తెచ్చుకోవడం మన వంటకు కొత్త కాదు. పండ్లలోనూ అంతే. కివీ పండులో సి విటమిను ఉందని దిగుమతి సరుకు కొనేవారు, జామకాయలో అది నారింజ కన్నా ఎన్నో రెట్లు ఉంటుందని మరచిపోతారు. మామిడి పళ్లను కాల్షియం కార్బైడుతో మగ్గబెట్టడం నిషిద్ధం, ఇథిలీన్ వాయువును నిర్ణీత మోతాదులో వాడడం చట్టబద్ధం. ఈ రెండూ ఒకటే అనుకుని మామిడిపండే మానేసినవారిని చూశాను, అంత అవసరం లేదు. ఉగాది నాటికే పసుపుపచ్చగా మెరిసే బంగినపల్లిని మాత్రం నమ్మకండి.

మందుల భయం ఉన్న చోట అన్ని కూరగాయలనూ ఒకే గాటన కట్టవద్దు. వంకాయ, బెండ, కాలీఫ్లవర్, కాకర, కొత్తిమీర, కరివేపాకు ఎక్కువగా మందులు చూస్తాయి. సొర, బూడిద గుమ్మడి, కంద, చేమ, మునగ, అరటికాయ తక్కువ చూస్తాయి. ఎక్కువ చూసేవాటి కోసం నమ్మకమైన రైతును వెతకండి, మిగిలినవి ఎక్కడ కొన్నా శుభ్రంగా కడుక్కుని తినండి. కరివేపాకు మాత్రం బాల్కనీలో కుండీలో పెంచండి. ఎగుమతుల్లో మన కరివేపాకు అవశేషాల పరీక్షల్లో తరచూ చిక్కుకునే సరుకు. మనమేమో దాన్ని ప్రతి తాలింపులోనూ వేస్తాము. ఒక్క మొక్క ఏడాదిలో ఆ బాధ తీరుస్తుంది. ఇంటి మిద్దె తోటల గురించి చాలా గొప్పగా చెబుతారు గాని, మీలాంటి ఉద్యోగస్తులకు ఈ ఒక్క కుండీకి మించి నేను చెప్పను.

మాంసాహారం సంగతి మీరు అడగలేదు, అయినా చేపల గురించి ఒక్క మాట. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ రోజుల్లో తాజా సముద్రపు చేప అని ఎవరైనా అమ్మితే అడిగి కొనండి. మృగశిర కార్తెకు మనం చేపలు తినేది కూడా సరిగ్గా ఆ నిషేధపు చివరి వారంలోనే. చెరువు బొచ్చె, కొర్రమీను ఉండగా మనకు లోటేమీ లేదు.

నమ్మకం గురించి అడిగారు కనుక ముద్రల సంగతి చెప్పాలి. 2017లో వచ్చిన సేంద్రియ ఆహార నిబంధనల ప్రకారం పొట్లం మీద సేంద్రియం అని రాసి అమ్మాలంటే ఎన్‌పీఓపీ (జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం) గాని, పీజీఎస్ ఇండియా (భాగస్వామ్య హామీ పద్ధతి) గాని ధ్రువీకరణ ఉండాలి. మొదటిది బయటి సంస్థ తనిఖీ చేసి ఇచ్చేది, ఖర్చుతో కూడినది. రెండవది రైతుల బృందమే ఒకరి పొలాన్ని మరొకరు తనిఖీ చేసుకుని ఇచ్చుకునేది. రసాయనాల నుంచి సేంద్రియానికి మారే దశలో ఉన్న పొలానికి పీజీఎస్ గ్రీన్ అనీ, పూర్తయ్యాక పీజీఎస్ ఆర్గానిక్ అనీ రాస్తారు. గ్రీన్ అన్న మాట చూసి అదే గొప్పదనుకునేవారు చాలామంది. ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకం ఉన్న చిన్న రైతు నేరుగా మీకు అమ్మేటప్పుడు ఈ ధ్రువీకరణ తప్పనిసరి కాదు. కాబట్టి ముద్ర లేదని మంచి రైతును వదులుకోకండి, ముద్ర ఉందని కళ్లు మూసుకోకండి.

నేనైతే రైతును నాలుగు విషయాలు అడుగుతాను. ఇంట్లో పశువులున్నాయా, సాళ్ల మధ్య ఏం వేశారు, పురుగు వచ్చినప్పుడు ఏం చేశారు, పోయినేడు ఏ పంట పోయింది. నిజంగా చేస్తున్నవాడికి ఆఖరి ప్రశ్నకు జవాబు చాలా పెద్దది. జీవామృతం (పేడ, గోమూత్రాలతో చేసే ద్రవం) పోశాము, అంతా బాగుంది అని ఒక్క ముక్కలో తేల్చేసేవాడి కన్నా, ‘వేపకషాయం రెండుసార్లు కొట్టినా ఆగలేదు, మగ పురుగులను పట్టే లింగాకర్షక బుట్టలు ఆలస్యంగా పెట్టాను, పావుపంట పోయింది’ అని చెప్పేవాడినే నమ్ముతాను. ఇలాంటి రైతులు అరుదుగా లేరు. జనగామ జిల్లాలోని ఏనెబావి 2006లోనే ఊరు ఊరంతా రసాయనాలు మానేసినట్టు ప్రకటించుకుంది. ఖమ్మం వైపు పునుకుల అంతకు ముందే పురుగుమందులు వదిలింది. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016లో మొదలుపెట్టిన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం లక్షల మంది రైతులకు చేరి, 2024లో పోర్చుగల్ సంస్థ ఇచ్చే గుల్బెంకియన్ పురస్కారం అందుకుంది. పండించేవారు ఉన్నారు, తినేవారున్నారు. నడుమ సంచి మోసే ఏర్పాటు లేకపోవడమే సమస్య.

ఆ ఏర్పాటు మీ అపార్టుమెంటులోనే చేసుకోవచ్చు. పది కుటుంబాలు చాలు, ఇరవై దాటనివ్వకండి. పప్పు కోసం నవంబరులోనే ఎవరికి ఎన్ని కిలోలో రాసుకుని, సగం డబ్బు ముందే వసూలు చేసి, దాన్ని రైతుకు బయానాగా ఇవ్వండి. కోతల ఖర్చుకు ఆయన వడ్డీకి తెచ్చుకునే పని తప్పుతుంది, అదే మీరు చేసే అసలైన సాయం. ధర కోత సమయంలో కాకుండా విత్తే ముందో, పూత ముందో మాట్లాడుకోండి. మార్కెట్టు పడిపోయినా అదే ధర ఇస్తామనీ, పెరిగినా అదే ధరకు ఇవ్వాలనీ ఇరువైపులా రాసుకోండి. మా దగ్గర ఒక ఏడాది ధర పెరిగినప్పుడు రైతు మాట నిలబెట్టుకున్నారు, మరుసటేడు ధర తగ్గినప్పుడు మా వాళ్లలో ముగ్గురు వెనక్కు తగ్గారు. అప్పటి నుంచి ముందు డబ్బు కట్టనివారి పేరు రాసుకోవడం లేదు. సరుకు దించడం, తూచడం, పంచడం ఒకే మనిషి నెత్తిన వేస్తే రెండేళ్లకు ఆ మనిషి విసిగిపోతాడు, నేనూ ఒకసారి విసిగిపోయాను. కాబట్టి పప్పుకొకరు, మిరపకొకరు, బియ్యానికొకరు బాధ్యత తీసుకోండి. ఒక్కొక్కరికి ఏడాదిలో రెండు ఆదివారాల పని అవుతుంది.

దూరం గురించి అతిగా పట్టించుకోవద్దని కూడా చెప్పాలి. చాలా ఆహారాల విషయంలో వాతావరణానికి జరిగే హానిలో లారీ ప్రయాణానిది చిన్న వాటా, పొలంలో జరిగేదే పెద్దది. విమానంలో వచ్చే పండ్లూ చేపలూ వేరు. నగరానికి ముప్పై కిలోమీటర్లలో బోరు నీళ్లు ఎండగట్టి, వారానికొకసారి మందు కొట్టి పెంచిన పంట దగ్గరదే అయినా మంచిది కాదు. నంద్యాల నుంచి వచ్చిన కొర్రలు దూరానివైనా మంచివే. మా లెక్కలో ఆకుకూర అయితే వంద కిలోమీటర్ల లోపల, గింజ అయితే రెండు తెలుగు రాష్ట్రాల లోపల ఉంటే స్థానికమే. అలాగే కొన్నది పారేయకుండా తినడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. బోయినపల్లి మార్కెట్టులో రోజూ పోగయ్యే కూరగాయల వ్యర్థంతో బయోగ్యాస్, విద్యుత్తు తయారుచేసే ప్లాంటు పెట్టారు, అది మెచ్చుకోదగ్గదే. మన ఫ్రిజ్‌లో మెత్తబడిన దోసకాయకు అలాంటి ప్లాంటు లేదు, అది తిన్నగా డంపుయార్డుకు వెళ్తుంది.

ఈ ఏడాది మీరు అన్నీ మార్చాలనుకోవద్దు. కందిపప్పు, మిరప, పసుపు, ఈ మూడూ మార్చి, రైతుబజారులో ఒక్కరిని పట్టుకుని, కరివేపాకు కుండీ పెట్టండి. బియ్యం, నూనె వచ్చే ఏడాది చూసుకోవచ్చు. పప్పు తెచ్చే ముందు ముప్పై అయిదు, నలభై కిలోలు పట్టే మూత బిగువైన స్టీలు డబ్బా ఒకటి కొనండి, అది లేకుండా సరుకు తేవద్దు. ఆముదం ఎంత పట్టించాలి, ఎన్ని ఎండలు పోయాలి అన్నవి నేను రాసిన కొలతల కన్నా మీ అత్తగారికి చేతి లెక్కగా బాగా తెలిసి ఉంటాయి. డబ్బా కొనేటప్పుడే ఆవిడను వెంట తీసుకువెళ్లండి.